ఆరు గొట్టాలు, ఎర్ర మాత్రలు

మా మైథిలికి మూడేళ్ల దాకా మళ్లీ కడుపు రాకూడదు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నాకు మనశ్శాంతి అన్నది లేదు. బన్నీ పుట్టేటప్పుడు దానికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. కోసి పిల్లను తీశారు. నలుగురి రక్తం ఎక్కిస్తే బతికింది. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, తొందరపడి ఇంకో కాన్పు తెచ్చుకుంటే ఈసారి మా చేతుల్లో ఉండదమ్మా అని చెప్పింది. నన్నెందుకు పిలిచిందో నాకు తెలియదు. అలాంటి మాట అల్లుణ్ణి పిలిచి చెప్పాలి. నాకు చెబితే నేను చేసేది భయపడటమే కదా.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే ఆ గొడవే ఉండేది కాదు. కానీ ఒక్క పిల్లతో ఆపేస్తే ఎట్లా అని వియ్యపురాలు సుందరమ్మ పట్టుబట్టింది. రోజూ మాత్ర మింగడం మైథిలికి గుర్తుండదు. కాపర్-టీ అంటే నాకే భయం వేసింది. అప్పుడు ఆ ఆసుపత్రిలోనే కొత్తగా, పరీక్ష కింద, చేతిలో గొట్టాలు పెడుతున్నారని తెలిసింది. మోచేతికి పైన, లోపలి వైపు, తోలు కింద, అగ్గిపుల్లల్లాంటి ఆరు మెత్తటి గొట్టాలు. వాటిలోంచి మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుందట. అయిదేళ్లు పనిచేస్తుందట. వద్దనుకున్న రోజు తీసేస్తారట.

సంతకం పెట్టించే ముందు, ఆ గొట్టాలు పెట్టే డాక్టర్ ఫిర్దౌస్ అరగంట సేపు చెప్పింది. నాలుగైదు రోజులు కట్టు తడపొద్దు, ఆ చేత్తో బరువులెత్తొద్దు. నెలసరి క్రమం తప్పుతుంది, కంగారు పడొద్దు. ఈ కార్డు జాగ్రత్త, ఏ డాక్టరు ఏ మందు రాసినా ముందు ఇది చూపించండి. ఇదంతా మైథిలి వింది. నేను మాత్రం బల్ల మీద నమూనాకు పెట్టిన ఆ ఆరింటినే చూస్తూ, ఇవి జారి గుండెలోకి పోతే పూచీ ఎవరిది అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

గుండెలోకైతే పోలేదు గానీ నా వంటింట్లోకి వచ్చాయి. మా ఇంట్లోనూ, వియ్యపురాలి ఇంట్లోనూ ముట్టయితే మూడు రోజులు దూరం కూర్చుంటారు. మూడు రోజులంటే ఎవరైనా సర్దుకుంటారు. గొట్టాలు పెట్టాక మైథిలికి పదకొండు రోజులు కనిపించి, నాలుగు రోజులు ఆగి, మళ్లీ ఎనిమిది రోజులు. అదీ ఎక్కువేం కాదు, చుక్కా చుక్కా. చుక్కయినా ముట్టు ముట్టే అంది సుందరమ్మ. కోడలు నెలలో సగం రోజులు గుమ్మం అవతలే కూర్చుంటే ఎవరికైనా కోపం రాదా? వచ్చింది. ఇది సర్దుకునే దాకా మీ బిడ్డను మీ దగ్గరే పెట్టుకోండి అని కబురు పంపింది. బన్నీని చంకన వేసుకుని మైథిలి పురానాపూల్ అత్తింటి నుంచి ఛత్రినాకలో మా ఇంటికి వచ్చేసి, ఇప్పుడు నా గుమ్మం అవతల కూర్చుంది. మంచినీళ్లు నేనే పొయ్యాలి, అన్నం నేనే పెట్టాలి, అది తాకిన బట్టలన్నీ నేనే తడపాలి. ఇట్లా అయిదేళ్లా అని నేనంటే, అయితే నీ ఆచారం మానెయ్యి అంటుంది. ఆచారం నేను పెట్టానా?

ఎండాకాలం వచ్చేసరికి దగ్గు మొదలైంది. గొట్టాల వల్లే అన్నాను. రోజూ సాయంత్రం జ్వరం. అదీ గొట్టాల వల్లే అన్నాను. జాకెట్లు వదులైపోయాయి. కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆ మాట వినగానే నా కళ్ల ముందుకొచ్చింది సుందరమ్మ ముఖం. ముట్టుకే పుట్టింటికి పంపిన మనిషి, టీబీ అంటే మళ్లీ గడప తొక్కనిస్తుందా?

టీబీ దవాఖానలో డాక్టరు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. మైథిలి నోరు తెరిచేలోపు నేను ఏం లేవు సార్ అన్నాను. వెనక అంతమంది మగవాళ్లు వరుసలో నిలబడి ఉంటే ఆ సంగతి ఎట్లా చెప్పేది? పైగా అవి మింగే మందులు కావు. మైథిలి నా వైపు ఒక చూపు చూసి ఊరుకుంది. ఇంటికొచ్చి గొట్టాల కార్డు బియ్యం డబ్బా అడుగున పెట్టాను, టీబీ కార్డు పెట్టెలో చీరల మడతలో పెట్టాను. ఒకటి చూసినవాళ్లకు రెండోది కనబడకూడదని నా ఏర్పాటు.

అంతటితో ఊరుకోలేదు. మాత్రలు మధ్యలో మానకుండా చూసుకోవడానికి టీబీ వాళ్లు ఒక మనిషిని ఇంటికి పంపుతారు. సైకిల్ మీద వచ్చి, గుమ్మంలో నిలబడి, పేరు పెట్టి పిలుస్తాడు. మా గల్లీలో సగం మందికి పురానాపూల్‌లో చుట్టాలున్నారు. అందుకని మా అడ్రసు ఇవ్వలేదు. ఇదివరకు మా పక్కింట్లో ఉండి కిషన్‌బాగ్‌కు మారిపోయిన సాజిదాను బతిమాలి ఆమె ఇంటి అడ్రసు రాయించాను. మంచి మనిషి, సరే అంది. నెల తిరగకముందే బస్సులు మారి, రొప్పుకుంటూ మా ఇంటికొచ్చింది.

“లలితమ్మా, నీ టీబీ ఆయన నా జాన్ తీస్తుండు. దర్వాజా కాడ నిలవడి పేషెంట్ ఏది, పేషెంట్ ఏది అని ఒకటే లొల్లి. గల్లీల అందరు బీమారి నాకే అనుకుంటున్నరు. నా ఇంట్ల ఎవ్వరు చాయ్ తాగుతలేరు,” అంది.

ఇంకొన్నాళ్లు ఓర్చుకోమన్నాను. ఆమె నన్ను తిట్టి, నేనిచ్చిన చాయ్ తాగి, మళ్లీ తిట్టి వెళ్లింది.

అల్లుడు బాలనర్సింహకు పురానాపూల్ దగ్గర సైకిల్ సామాన్ల దుకాణం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోయేవాడు. మైథిలి మింగేవి బలం మాత్రలని అతనికి చెప్పాను. భార్యాభర్తలు ఒకచోట పడుకుంటే నాకే దిగులూ లేదు, గొట్టాలున్నాయి కదా. పడాల్సిన చోట దిగులు పడకపోవడం నా జన్మలో అదొక్కసారే.

ఆషాఢం వచ్చింది. మా వైపు బోనాలకు బిడ్డనూ అల్లుణ్ణీ పిలిచి బట్టలు పెట్టాలి. అప్పటికి నెలా పది రోజులుగా మైథిలికి ఒక్క చుక్క కూడా కనబడలేదు. తల్లి దయ, ఈసారి బోనం అదే ఎత్తుతుంది అని సంబరపడుతున్నాను. ఆ మంగళవారం అది బాత్‌రూంలో నీళ్లు పోయడం మరిచిపోయి బయటికి వచ్చింది. వెనక నేను వెళ్లాను. నేల మీద ఎర్రగా, కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది.

టీబీ మాత్రలకు మూత్రం గట్లనే వస్తదని డాక్టరు మొదటి రోజే చెప్పాడంది మైథిలి. నేను నమ్మలేదు. కిందటి వారమే బన్నీ ఆ చెయ్యి పట్టుకుని ఊగింది. గొట్టం పగిలింది, మందంతా బయటికి వస్తోంది, ఇంకేముంది అనుకున్నాను. ఏ మందూ వద్దని ఆ పూట టీబీ మాత్రలు కూడా తీసి దాచేశాను. గల్లీ చివర సూదులు వేసే ఇస్సాకును గొట్టాలు తీస్తావా అని అడిగితే, బ్లేడుతో అయిదు నిమిషాల పని అన్నాడు. ఆ మాట మైథిలితో అంటే అది నాలుగిళ్లకు వినబడేట్టు అరిచింది. పెట్టినవాళ్లే చూడాలి, పెట్టినచోటే తీయాలి, బ్లేడు పట్టుకుని ఎవడైనా దగ్గరికొస్తే మర్యాదగా ఉండదంది. సరే అని గురువారం ఆటో ఎక్కాం. దారి పొడుగునా నేను దానికి చెప్పింది ఒకటే, టీబీ మాట ఎత్తకు, బలం మాత్రలని చెప్పు.

డాక్టర్ ఫిర్దౌస్ మైథిలి చెయ్యి బల్ల మీద చాపించి, వేళ్లతో తడిమి, ఏక్ దో తీన్ అని లెక్కపెట్టింది. ఆరూ ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ జరగలేదు అంది. మరి ఆ ఎరుపేమిటి అని నేను. ఏం మాత్రలు తింటోంది అని ఆమె. బలం మాత్రలు అన్నాను.

“బలం మాత్రలకు గట్ల రాదమ్మా. ఇంకోసారి అడుగుతున్న. ఏం మాత్రలు?”

పేరు మరిచిపోయానన్నాను. పక్కన నర్సు మందుల పేర్లు ఒక్కొక్కటే చదువుతోంది, నేను ఒక్కొక్కదానికీ తల అడ్డంగా ఊపుతున్నాను. మైథిలికి ఇక ఓపిక పోయింది.

“టీబీ మాత్రలు మేడం. మూడు నెలలైంది. చెప్పద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చివరిసారి ఎప్పుడు కనబడింది, మీ ఆయన ఎప్పుడెప్పుడు వస్తున్నాడు అని మైథిలిని మెల్లగా అడిగింది. నెలా పది రోజులు, వారం వారం అని మైథిలి చెబుతుంటే, నేను సంబరపడిన ఆ నెలా పది రోజులు కడుపు వల్లేమోనని నాకప్పుడు తట్టింది. వెంటనే మూత్రం పరీక్షకు పంపింది. ఆ గంట సేపు నేను బెంచీ మీద కూర్చుని ఏమేం ఊహించుకున్నానో ఇక్కడ రాయను. చీటీ వచ్చింది. కడుపు లేదు. కానీ కిందటి వారం సంగతి ఈ పరీక్షలో తెలియకపోవచ్చు, రెండు వారాలాగి మళ్లీ చేయాలంది.

అప్పుడు చెప్పింది నాకు. ఆ టీబీ మాత్రల్లో ఒక ఎర్ర మాత్ర ఉంటుంది. మూత్రం ఎర్రగా రావడం దాని గుణమే, అందులో భయం లేదు. భయం వేరే చోట ఉంది. గొట్టాల్లోంచి ఒంట్లోకి దిగే మందును ఆ మాత్ర తొందరగా ఖర్చయిపోయేట్టు చేస్తుంది. గొట్టాలు చేతిలోనే ఉంటాయి, కానీ వాటిని నమ్ముకుని ఉండటానికి లేదు. ఇది ఎవరో ఒకరికి ముందే తెలిసి ఉంటే ఇంకో దారి చెప్పేవాళ్లు. అక్కడి డాక్టరుకు గొట్టాలున్నాయని తెలియదు, ఇక్కడి డాక్టరుకు టీబీ ఉందని తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“అయితే ఆ టీబీ మాత్రలే బంద్ చేస్తం డాక్టరమ్మా. ఎట్లాగు రెండు దినాల సంది నేనే దాచిపెట్టిన,” అన్నాను.

అప్పుడు తిట్టింది. బల్ల మీద చరిచి మరీ తిట్టింది.

“కడుపు నుంచి కాపాడి నీ బిడ్డను టీబీకి ఇస్తవా? ఇంటికి పోంగనే మాత్ర మింగాలె. కోర్సు అయ్యేదాంక ఒక్క పూట తప్పద్దు.”

ఆమె చెప్పిన దారి ఇది. ఎర్ర మాత్రలు వాడినన్నాళ్లూ, అవి ఆపాక ఇంకో నెలా, గొట్టాల మీదే ఆధారపడకూడదు. రెండో పరీక్షలో కూడా లేదని తేలితే, మైథిలికి ఇష్టమైతే కాపర్-టీ పెడతారు. దాని మీద ఈ మాత్ర ప్రభావం ఉండదు. గొట్టాలు ఉంచుకుంటుందో తీయించుకుంటుందో కూడా దాని ఇష్టమే, తీసేది మాత్రం నేర్చుకున్న చెయ్యే తీయాలి. అప్పటిదాకా దూరమైనా ఉండాలి, లేదా ప్రతిసారీ నిరోధ్ వాడాలి. ఇంకోటి, టీబీ మనిషి పక్కన మూడు నెలలు పడుకున్న భర్తకూ పిల్లకూ కూడా పరీక్ష చేయించాలి. ఇవన్నీ చెప్పి, ఒక పొట్లం నా చేతిలో పెట్టి, అల్లుడికి ఎవరు చెబుతారు అని అడిగింది. మైథిలి నన్ను చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఎల్లుండే శనివారం, అల్లుడు వచ్చే రోజు.

ఆ పొట్లాన్ని గోంగూర కట్టల కింద దాచి ఇంటికి తెచ్చాను. దారంతా ఇద్దరం పోట్లాడుకున్నాం. నువ్వే చెప్పు, నీ మొగుడు అని నేను. నువ్వు దాచావు, నువ్వే చెప్పు అని అది. బోనాలకు చుట్టాలొచ్చారు, ఇంట్లో చోటు లేదని వంక పెట్టి అల్లుణ్ణి మేడ మీద పడుకోబెడదాం అన్నాను. వచ్చే వారం ఏం చేస్తావంది. బన్నీని మధ్యలో వేసుకొమ్మన్నాను. చాలదంటే నేనే మధ్యలో పడుకుంటానన్నాను.

“ఎన్నేండ్లు పండుకుంటవే మా నడుమ?” అంది మైథిలి. నవ్వొచ్చి నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గి దగ్గి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ వదులు జాకెట్లో దాని భుజాలు చూశాక నేనే చెబుతాలే అన్నాను.

శనివారం సాయంత్రం బాలనర్సింహ బన్నీకి గాజులు, మైథిలికి పూలు పట్టుకుని వచ్చాడు. మైథిలిని పిల్లతో సహా పక్కింటికి పంపేశాను. పెళ్లయిన నాలుగేళ్లలో నేను అల్లుడి ఎదురుగా నిలబడి నాలుగు మాటలు వరసగా మాట్లాడింది లేదు. అన్నం పెట్టనా అని కూడా బన్నీ పేరు పెట్టి అడిగేదాన్ని. చాయ్ ఇచ్చి తలుపు చాటున నిలబడ్డాను.

“బిడ్డా, ఒక మాట చెప్పాలె. నా మొకం చూడకు, విను సాలు. మైథిలి తినేటివి బలం మాత్రలు గావు. దానికి టీబీ. మూడు నెలలైంది. నేనే దాపెట్టిన. ఆ మాత్రల తోటి చేతిల గొట్టాలు సరిగ పని చేస్తలేవట. ఇప్పుడు కడుపొస్తే మైథిలి దక్కదు.”

పొట్లం స్టూలు మీద పెట్టాను. ఇదేంది అన్నాడు. డాక్టరమ్మ ఇచ్చింది, విప్పితే నీకే తెలుస్తుంది, నన్ను చెప్పమనకు అన్నాను. విప్పి చూసి మళ్లీ అట్లాగే చుట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి, అతనివీ నావీ కూడా అయ్యుంటాయి.

“మూడు నెలల సంది నేను దాని పక్కలనే పండుకుంటున్న. దగ్గుతుంటే ఈపు రాసిన. నాకు చెప్పాల్నని మీ ఇద్దర్ల ఒక్కరికన్న అనిపియ్యలేదా అత్తమ్మా?”

మీ అమ్మకు తెలుస్తుందని భయపడ్డానన్నాను.

“మా అమ్మకు తెలిస్తే లొల్లి పెడ్తది. గంతే గదా. దానికి పాణం మీదికి తెచ్చుకుంటరా ఎవరన్న?”

పొట్లం జేబులో పెట్టుకుని, స్కూటర్ తీసి వెళ్లిపోయాడు. మైథిలి వచ్చి ఏడి అంటే స్కూటర్ పోయిన దిక్కు చూపించాను. ఇంకేముంది, పురానాపూల్ వెళ్లి తల్లికి చెబుతాడు, ఆమె పెద్దమనుషుల్ని పోగేస్తుంది, బిడ్డ నా ఇంట్లోనే ఉండిపోతుంది అని నేను ఊహించుకుంటూనే బోనానికి కుండ కడిగాను, సున్నం పూశాను, పసుపు రాశాను. దీపాలు పెట్టే వేళకు స్కూటర్ చప్పుడైంది. అట్టల మీద రెండున్నర డజన్ల గుడ్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. అమ్మకు చెప్పాను, లొల్లి పెట్టింది, పెట్టనీ అన్నాడు. గుడ్లు రోజుకు రెండు పెట్టమని నాకు చెప్పి, నాతో ఇంకేమీ మాట్లాడకుండా వెళ్లి మైథిలి పక్కన కూర్చున్నాడు.

సుందరమ్మ బోనాలకు రాలేదు. మైథిలికి కుండ మోసే ఓపిక లేదు కాబట్టి దాని బదులు నేనే ఎత్తాను. డప్పుల మధ్య నడుస్తూ తల్లికి మొక్కుకున్నది ఒక్కటే, దానికి చుక్క కనబడనీ అని. ఎనిమిది నెలలు ఏ చుక్కను తిట్టిపోశానో, నెత్తిన బోనం పెట్టుకుని దాన్నే అడుక్కున్నాను. ఆ రెండు వారాలూ రోజుకు నాలుగుసార్లు అడిగి మైథిలి చేత తిట్లు తిన్నాను. కనబడలేదు. ఒక పొద్దున వాంతి వచ్చినట్టుంది అంటే నేను పోయి ఇంకో దీపం వెలిగించి మొక్కుకున్నాను. టీబీ మాత్రలకు కడుపులో తిప్పుతుందని దానికి తెలుసు, నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం?

రెండో పరీక్షకు దుకాణం మూసేసి బాలనర్సింహ కూడా వచ్చాడు. అంతకుముందే అతనూ బన్నీ టీబీ పరీక్ష చేయించుకున్నారు, ఏమీ లేదని తేలింది. మైథిలిని ఇక ఇంటికి తీసుకుపోతానని, టీబీ కార్డు మీద అడ్రసు కూడా తనే వెళ్లి పురానాపూల్‌కు మార్పించాడు. ఆసుపత్రిలో ఆ ఆడవాళ్ల వరండాలో మగవాడు అతనొక్కడే. మైథిలి లోపలికి వెళ్లింది. ఉన్న ఒక్క బెంచీకి ఈ చివర నేను, ఆ చివర అతను, మధ్యలో బన్నీ. ఎంత సేపని గోడలు చూస్తాం? లోపల ఆలస్యమవుతున్న కొద్దీ నేను తలుపు దాకా వెళ్లి రావడం అతను చూసినట్టున్నాడు.

“అత్తమ్మా, భయపడకు అని నేను చెప్ప. నువ్వు ఇనవు. గాని ఇగనుంచి ఏదున్నా ముందుగాల నాకు చెప్పి, తర్వాత భయపడు,” అన్నాడు.

నేనేదో అనబోతుండగా తలుపు తెరుచుకుంది. మైథిలి చీటీ పట్టుకుని వచ్చింది. నేను ముందే లేచి నిలబడ్డాను, దారికి అడ్డంగానే ఉన్నాను. అది నన్ను దాటుకుని వెళ్లి చీటీ అతని చేతిలో పెట్టింది. అతను చదివి కళ్లు మూసుకున్నాడు. ఏమైందే అని అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారే గానీ నాకు జవాబిచ్చేవాళ్లు లేరు. ఏమైందే అని ఇంకోసారి అడిగాను, ఈసారి వరండా అంతా తిరిగి చూసింది.

“లేదే అమ్మా. కడుపు లేదు,” అంది మైథిలి. “కాపర్-టీ ఇప్పుడే పెడ్తరంట. నువ్వు లోపలికి రాకు.”